కంపెనీ మనదే – మరి కాలు మోపే హక్కు?

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

పై చదువుల కోసం, ఉద్యోగాల కోసం విదేశాలకు వెళ్ళడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. ఏ ఊరు వెళ్ళినా, ఏ వీధి చూసినా ఫలానా వారబ్బాయి అమెరికాలోనో, జర్మనీలోనో ఉన్నాడనే మాట వినబడుతూనే ఉంటుంది. అయితే "నేను ఒకరి దగ్గర ఉద్యోగం చెయ్యను, ఆ దేశంలో నేనే ఒక వ్యాపారం పెడతాను, నలుగురికి పని ఇస్తాను" అని బయలుదేరేవాడి సంగతి ఏమిటి? అతనికి ఏ కాగితం కావాలి? ఎవరు ఇస్తారు? ఏం చూసి ఇస్తారు?

ఇది మామూలు ప్రశ్నలా కనబడుతుందిగాని కాదు. ఉద్యోగానికి వెళ్ళేవాడి వెనక ఒక యజమాని ఉంటాడు. చదువుకు వెళ్ళేవాడి వెనక ఒక విశ్వవిద్యాలయం ఉంటుంది. "ఇతను మావాడు, ఇతనికి ఇక్కడ పని ఉంది" అని చెప్పడానికి ఒక నోరు ఉంటుంది. వ్యాపారం పెట్టబోయేవాడికి ఆ నోరు లేదు. తనకు తానే జామీను. ఇంకా పుట్టని వ్యాపారాన్ని చూపించి, పరాయి ప్రభుత్వాన్ని నమ్మించాలి. అందుకే ఈ అనుమతి మిగతా అన్ని అనుమతులకంటే భిన్నమైనది.

నేను సైన్సు విద్యార్థిని. న్యాయశాస్త్రం నా పాఠ్యాంశం కాదు. అయినా ఈ విషయం ఎన్నుకోవడానికి కారణం ఉంది. మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు పిల్లవాడిని విదేశానికి పంపాలంటే ముందుగా కదిలేది పొలమే. ఎకరమో, అరెకరమో బేరానికి వస్తుంది. అలాంటప్పుడు "ఇంత డబ్బు పెడితే అక్కడ కంపెనీ పెట్టిస్తాం, కంపెనీ ఉంటే పర్మిట్ దానంతట అదే వస్తుంది" అని ఎవరైనా చెబితే, ఆ మాటలో నిజమెంతో తూచి చూసుకోవడం చదువుకున్న మన బాధ్యత. పత్తి విత్తనం సంచి కొనేటప్పుడే పదిసార్లు తిప్పి చూస్తామే, మరి ఇది?

మూడు మాటలు, మూడు అర్థాలు

మనం "వీసా" అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. నిజానికి ఇక్కడ మూడు విషయాలున్నాయి. మొదటిది వీసా, అనగా సరిహద్దు దాటి లోపలికి రావడానికి అనుమతి. రెండవది నివాస అనుమతి, అనగా వచ్చినవాడు ఎంతకాలం, ఏ పని నిమిత్తం అక్కడ ఉండవచ్చో చెప్పేది. మూడవది పనికి అనుమతి. ఇందులో మళ్ళీ రెండు రకాలు: ఒకరి కింద జీతానికి పని చేయడం ఒకటి, స్వయంగా వ్యాపారం చేయడం మరొకటి. జీతానికి పని చేయవచ్చునని ఉన్నంత మాత్రాన దుకాణం పెట్టవచ్చునని అర్థం కాదు.

ఇవి కాక నాలుగవది ఇంకొకటి ఉంది. అదే కంపెనీని రిజిస్టరు చేయించుకునే హక్కు. గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

పట్టా వేరు, దారి వేరు

ఒక పోలిక చెబుతాను. ఒక రైతుకు రెండెకరాల పొలం ఉంది. పట్టా అతని పేరునే ఉంది. శిస్తు కూడా అతనే కడుతున్నాడు. కాని ఆ పొలంలోకి వెళ్ళడానికి దారి లేదు, చుట్టూ వేరేవాళ్ళ చేలు. పక్కవాడు ఒప్పుకుంటే తప్ప నాగలి లోపలికి పోదు. పొలం అతనిదే, పంట మాత్రం పక్కవాడి దయ!

విదేశంలో కంపెనీ కూడా సరిగ్గా ఇంతే. జర్మనీని తీసుకుందాం. అక్కడ పరిమిత బాధ్యత గల కంపెనీని "జీఎంబీహెచ్" అంటారు. దీనికి కనీస మూలధనం 25,000 యూరోలు. అందులో సగం, అంటే 12,500 యూరోలు, రిజిస్ట్రేషనుకు ముందు జమ అయి ఉండాలి. 2008 నవంబరు నుంచి ఒక్క యూరో మూలధనంతో మొదలుపెట్టగల చిన్న రకం కంపెనీ కూడా వచ్చింది. నోటరీ ముందు పత్రాలు రాయించి, వాణిజ్య రిజిష్టరులో నమోదు చేయిస్తే కంపెనీ పుడుతుంది. వాటాదారు జర్మన్ పౌరుడే కానక్కరలేదు. గుంటూరులో కూర్చున్నవాడు కూడా దానికి యజమాని కావచ్చు.

కాని ఆ యజమాని అక్కడికి వెళ్ళి, ఇల్లు అద్దెకు తీసుకుని, రోజూ దుకాణం తాళం తీయాలంటే నివాస అనుమతి కావాలి. రిజిష్టరులో పేరు ఉన్నంత మాత్రాన అది రాదు. కంపెనీ పట్టా, నివాస అనుమతి దారి. రెండూ ఇచ్చే ఆఫీసులు వేరు, చూసే చట్టాలు వేరు. ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను.

చుట్టపుచూపుగా వెళ్ళేవారికి ఇచ్చే షెంజెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. దానిమీద సమావేశాలకు హాజరు కావచ్చు, బేరసారాలు చూసుకోవచ్చు. అక్కడే ఉండి వ్యాపారం నడపకూడదు. భారతీయులు అక్కడ వ్యాపారం పెట్టాలంటే బయలుదేరక ముందే, ఇక్కడి జర్మన్ దౌత్య కార్యాలయం నుంచి ఆ ప్రయోజనానికే దీర్ఘకాలిక వీసా తీసుకోవాలి. "ముందు టూరిస్టుగా వెళ్దాం, తరవాత మార్చుకుందాం" అనేది సాధారణంగా నడవని లెక్క.

జర్మనీ కథ

జర్మనీనే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నాను? మనవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా వెళుతున్న దేశాల్లో అదొకటి. 2023–24 శీతాకాల సెమిస్టరులో అక్కడి ఉన్నత విద్యాసంస్థల్లో 49 వేలకు పైగా భారతీయ విద్యార్థులు ఉన్నారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్ళదే పెద్ద వర్గం. రెండవ కారణం, వ్యాపారం పెట్టే విదేశీయుడి పట్ల ఒక దేశం అభిప్రాయం ఎలా మారుతూ వస్తుందో ఆ దేశపు చట్టంలో మెట్టుమెట్టుగా కనిపిస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధం తరవాత పశ్చిమ జర్మనీకి పనివాళ్ళు కావలసి వచ్చారు. 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని కార్మికులను రప్పించుకున్నారు. వారిని "అతిథి కార్మికులు" అనేవారు. అతిథి అంటే వచ్చినవాడు వెళ్ళిపోవాలి అనే కదా! 1973 నవంబరులో, చమురు సంక్షోభం సమయంలో, ఈ రప్పించుకోవడం ఆపేశారు. ఆ రోజుల్లో చాలామంది విదేశీయుల అనుమతి పత్రాలమీద "స్వయం వ్యాపారం అనుమతింపబడదు" అన్న ముద్ర ఉండేది. ఫ్యాక్టరీలో చెమటోడ్చవచ్చు, సొంతంగా కూరగాయల కొట్టు మాత్రం పెట్టకూడదన్నమాట.

అలా వచ్చినవారిలో ఒక టర్కీ కార్మికుడు కొలోన్ నగరంలోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అతని కుమారుడు ఉగుర్ షాహిన్ వైద్యశాస్త్రం చదివి, తన భార్య ఓజ్లెమ్ ట్యురేచి తదితరులతో కలిసి 2008లో మైంజ్ నగరంలో బయోఎన్‌టెక్ అనే సంస్థను స్థాపించాడు. 2020లో ఫైజర్ కంపెనీతో కలిసి కోవిడ్ టీకాను ప్రపంచానికి అందించిన సంస్థ అదే. షాహిన్ వ్యాపార వీసా మీద వెళ్ళినవాడు కాదు, చిన్నతనంలోనే తల్లిదండ్రుల ద్వారా వెళ్ళినవాడు. అయినా ఈ ఉదాహరణలో పాఠం ఉంది. తండ్రి పనిచేతుల కోసం పిలవబడ్డాడు. కొడుకు ఆ దేశానికే పని కల్పించాడు. బయటినుంచి వచ్చేవాడు ఉన్న పనిని పంచుకుపోయేవాడు మాత్రమే కాదు, లేని పనిని పుట్టించేవాడు కూడా కాగలడు.

21వ సెక్షను ఏమంటుంది?

2005 జనవరి 1న జర్మనీలో కొత్త నివాస చట్టం అమలులోకి వచ్చింది. అందులో 21వ సెక్షను స్వయం ఉపాధికి సంబంధించినది. ఐరోపా సమాఖ్య దేశాల పౌరులకు దీనితో పని లేదు. వారు స్వేచ్ఛగా వెళ్ళి వ్యాపారం పెట్టుకోవచ్చు. మనలాంటి బయటి దేశాలవారికి మాత్రం ఇదే ద్వారం. ఈ సెక్షను ముఖ్యంగా మూడు ప్రశ్నలు అడుగుతుంది.

మొదటిది: నీ వ్యాపారం వల్ల మా దేశానికి ఆర్థిక ప్రయోజనం ఉందా? లేక కనీసం ఆ ప్రాంతానికి దాని అవసరం ఉందా?

రెండవది: దానివల్ల ఆర్థిక వ్యవస్థకు మంచి జరుగుతుందని ఆశించవచ్చా?

మూడవది: పెట్టుబడికి దారి ఏర్పడిందా? సొంత డబ్బయినా సరే, బ్యాంకు అప్పు ఇస్తానని రాసి ఇచ్చిన కాగితమయినా సరే.

వీటికి జవాబు తేల్చడానికి ఏమేమి చూడాలో కూడా చట్టంలోనే ఉంది. వ్యాపార ఆలోచన నిలబడేదేనా, మనిషికి వ్యాపారానుభవం ఉందా, పెట్టుబడి ఎంత, ఎందరికి ఉద్యోగం, శిక్షణ దొరుకుతాయి, పరిశోధనకు, కొత్త ఆవిష్కరణలకు తోడ్పడుతుందా – ఇవీ కొలతలు. దరఖాస్తుదారుకు 45 ఏళ్ళు దాటి ఉంటే వృద్ధాప్యానికి తగిన ఏర్పాటు ఉందని కూడా చూపించాలి. ఆరోగ్య బీమా ఎలాగూ తప్పదు.

మరి ఈ లెక్క కట్టేది ఎవరు? ఇక్కడే నాకు ముచ్చట వేసింది. విదేశీయుల వ్యవహారాల ఆఫీసు గుమాస్తా ఒక్కడే కూర్చుని తేల్చడు. ఏ ఊళ్ళో వ్యాపారం పెట్టదలచుకున్నారో ఆ ప్రాంతంలోని నిపుణ సంస్థలను, సాధారణంగా పరిశ్రమ–వాణిజ్య మండలిని, వ్యాపార లైసెన్సుల అధికారులను అభిప్రాయం అడుగుతారు. "మీ ఊళ్ళో ఇలాంటి వ్యాపారానికి చోటు ఉందా?" అని ఆ ఊరివాళ్ళనే అడగడమన్నమాట. కనుక దరఖాస్తుతో పాటు ఇచ్చే వ్యాపార ప్రణాళికలో ఊరి పేరుతో సహా, అక్కడి మార్కెట్ లెక్కలతో సహా ఉండాలి. ఎక్కడో అచ్చేసిన ప్రణాళికకు పేరు మార్చి తగిలిస్తే పసిగట్టడం వాళ్ళకు కష్టం కాదు.

ఇంకొక సంగతి. చట్టంలో ఉన్న మాట "ఇవ్వవచ్చు" అని. "ఇవ్వాలి" అని కాదు. అన్నీ సరిగా ఉన్నా అధికారుల విచక్షణ అంటూ ఒకటి మిగిలే ఉంటుంది. అందుచేత "గ్యారంటీ" అనే మాట ఎవరి నోట వచ్చినా అనుమానించాల్సిందే.

వైద్యులు, ఇంజనీర్లు, అనువాదకులు, కళాకారులు మొదలైన స్వతంత్ర వృత్తులవారికి ఇదే సెక్షనులో వేరే ఉపవిభాగం ఉంది. వారికి పై మూడు ప్రశ్నల పరీక్ష లేదు. అయితే వృత్తికి లైసెన్సు అవసరమైన చోట అది చేతిలో ఉండాలి, లేదా ఇస్తామన్న హామీ ఉండాలి.

డబ్బు గీత చెరిగిపోయిన వైనం

ఈ చట్టంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన భాగం ఇది. 2005లో చట్టం వచ్చినప్పుడు ఒక గీత గీశారు. 10 లక్షల యూరోల పెట్టుబడి, 10 కొత్త ఉద్యోగాలు ఉంటే మామూలుగా మొదటి రెండు షరతులు తీరినట్టే భావించేవారు. అంతకంటే తక్కువవాళ్ళకు దారి పూర్తిగా మూసెయ్యకపోయినా, గీత చూడగానే చాలామందికి గుండె జారుతుంది. 2007లో దాన్ని 5 లక్షల యూరోలకు, 5 ఉద్యోగాలకు తగ్గించారు. 2009లో 2,50,000 యూరోలు చేశారు, ఉద్యోగాలు 5 అలాగే ఉంచారు. 2012 ఆగస్టులో ఆ గీతనే పూర్తిగా చెరిపేశారు.

ఏడేళ్ళలో పది లక్షలనుంచి "ఇంత అని లేదు" దాకా వచ్చింది. ఎందుకంటారు? మంచి ఆలోచన ఉన్నవాడి దగ్గర పది లక్షల యూరోలు ఉండాలని లేదు. పది లక్షల యూరోలున్నవాడి దగ్గర మంచి ఆలోచన ఉండాలనీ లేదు. మూట బరువు తూచితే మనిషి విలువ తేలదు. గీత పోయినంత మాత్రాన పరీక్ష తేలికయిందని మాత్రం అనుకోకూడదు. ఇదివరకు ఒక అంకె చూపిస్తే సగం పని అయ్యేది. ఇప్పుడు ప్రతి అంకెకూ కారణం చెప్పాలి.

ఒక ఊహా ఉదాహరణ

ఇద్దరు మిత్రులున్నారని అనుకుందాం. ఇద్దరి దగ్గరా చెరొక 60,000 యూరోలు ఉన్నాయి. ఒకడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో భారతీయ సరుకుల కొట్టు పెడతానన్నాడు. అలాంటి కొట్లు అక్కడ ఇప్పటికే ఉన్నాయి. ఉద్యోగాలంటే తనూ, తన బంధువు ఒకడూ. ఆ కొట్టు వల్ల ఆ నగరానికి కొత్తగా ఏమొస్తుందంటే చెప్పడానికి మాట లేదు.

రెండవవాడు ఒక చిన్న పట్టణం ఎన్నుకున్నాడు. గోధుమల్లో గ్లూటెన్ అనే ప్రోటీను ఉంటుంది. సీలియాక్ అనే జబ్బు ఉన్నవారి పేగులకు అది పడదు. మన జొన్నల్లో, కొర్రల్లో, సజ్జల్లో గ్లూటెన్ లేదు. ఆ ధాన్యాలతో పిండి మిశ్రమాలు తయారు చేసి దుకాణాలకు సరఫరా చేస్తానన్నాడు. గోధుమపిండి రేణువులు కలవకుండా విడి యంత్రాలు, ప్రయోగశాల పరీక్షల ఖర్చు, ఐరోపా ఆహార నిబంధనల ప్రకారం లేబుళ్ళు, ఇద్దరు స్థానికులకు ఉద్యోగం, సరుకు తీసుకుంటామని రెండు దుకాణాలు రాసి ఇచ్చిన ఉత్తరాలు, మూడేళ్ళ జమాఖర్చుల అంచనా – అన్నీ జతచేశాడు. తను చదివింది ఆహార శాస్త్రం.

ఇద్దరిలో ఎవరి దరఖాస్తుకు బలం ఎక్కువో చెప్పనక్కరలేదు. రెండవవాడికి ఖాయంగా వస్తుందని నేననను. కాని మూడు ప్రశ్నలకూ అతని దగ్గర జవాబు ఉంది. డబ్బు ఇద్దరిదీ ఒకటే అయినా తేడా వచ్చింది మాత్రం చదువులో, పొందికలో, ఊరి అవసరం కనిపెట్టడంలో.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. అతనే ఆ పిండితో రొట్టెలు కాల్చి అమ్ముతానంటే కథ మారుతుంది. జర్మనీలో బేకరీ, క్షౌరశాల, ఎలక్ట్రీషియన్ వంటి కొన్ని వృత్తుల్లో సొంతంగా సంస్థ పెట్టాలంటే సాధారణంగా "మైస్టర్" అనే అర్హత ఉండాలి. ఇది జర్మన్లకూ వర్తించే నియమమే. నివాస అనుమతి ఒక్కటే చాలదు, వృత్తి నియమాలు వేరే ఉంటాయని దీనివల్ల తెలుస్తుంది.

మూడేళ్ళ కౌలు

అనుమతి వచ్చిందనుకుందాం. అది శాశ్వతం కాదు. గరిష్ఠంగా మూడేళ్ళకు ఇస్తారు. ఇది కౌలు లాంటిది. ఏ వ్యాపారం చేస్తానని చెప్పి తీసుకున్నారో ఆ వ్యాపారమే చెయ్యాలి. వరికి కౌలు తీసుకుని రొయ్యల చెరువు తవ్వితే ఆసామి ఊరుకోడు గదా! వ్యాపారం మార్చాలనుకుంటే ముందుగా ఆఫీసును అడగాలి.

మూడేళ్ళ తరవాత, చెప్పిన వ్యాపారం విజయవంతంగా నడిచి, తనకూ తన కుటుంబానికీ బ్రతుకుతెరువు స్థిరపడి ఉంటే, శాశ్వత నివాస అనుమతి ఇవ్వవచ్చు. సాధారణంగా దీనికి ఐదేళ్ళు ఆగాలి. వ్యాపారం పెట్టి నిలదొక్కుకున్నవాడికి మూడేళ్ళకే అవకాశం ఇవ్వడం ఈ సెక్షనులో ఉన్న మేలు.

అయితే నాణేనికి రెండో వైపు చూడాలి. ఉద్యోగం పోయినవాడు మరో ఉద్యోగం వెతుక్కోవచ్చు. వ్యాపారం మునిగినవాడికి పెట్టుబడీ పోతుంది, అక్కడ ఉండటానికి ఆధారమూ పోతుంది. ఒకే దెబ్బకు రెండు నష్టాలు. మన ఊళ్ళలో పంట పోతే భూమయినా మిగులుతుంది. అక్కడ పంటతో పాటు నిలబడిన నేల కూడా జారిపోవచ్చు. కొత్త వ్యాపారం ఏ దేశంలోనైనా మొదటి సంవత్సరాల్లోనే తడబడుతుంది. కాబట్టి కనీసం ఏడాది ఇంటిఖర్చు విడిగా పెట్టుకోకుండా ఈ పనిలోకి దిగరాదని నా అభిప్రాయం.

విద్యార్థులకు పక్కదారి

మనకు అసలు పనికివచ్చే భాగం ఇది. 21వ సెక్షనులోనే, జర్మనీలోని ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేసిన విదేశీయులకు ఒక సడలింపు ఉంది. పై మూడు షరతులూ లేకుండానే వారికి స్వయం ఉపాధి అనుమతి ఇవ్వవచ్చు. కాకపోతే పెట్టే వ్యాపారానికీ చదివిన చదువుకూ సంబంధం ఉండాలి. రసాయనశాస్త్రం చదివి రసాయన పరీక్షల ల్యాబు పెట్టవచ్చు. రసాయనశాస్త్రం చదివి టాక్సీలు నడిపిస్తానంటే ఈ దారి కుదరదు.

చదువు అయిన తరవాత పని వెతుక్కోవడానికి 18 నెలల వరకు అనుమతి ఇస్తారు. ఆ కాలంలో ఏ పనైనా చేసుకోవచ్చు, వ్యాపారానికి పునాది కూడా వేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి మరో కొత్త ద్వారం కూడా తెరిచారు. సంస్థ స్థాపనకు సన్నాహాల కోసం జర్మన్ శాస్త్ర సంస్థలనుంచి గాని ప్రభుత్వ సంస్థలనుంచి గాని స్కాలర్‌షిప్పు పొందినవారికి 18 నెలల నివాస అనుమతి లభిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చదువుకునే కాలంలో విద్యార్థి అనుమతి మీద ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు జీతానికి పని చేయవచ్చు. సొంత వ్యాపారం ఇందులోకి రాదు. దానికి ఆఫీసునుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. "చిన్నదే కదా, ఎవరు చూస్తారు" అని ఆన్‌లైనులో అమ్మకాలు మొదలుపెడితే చదువుకే ముప్పు రావచ్చు.

ఇతర దేశాల సంగతి

అన్ని దేశాలూ ఒకే తూకపురాయి వాడవు. బ్రిటన్‌లో 2008 నుంచి నడిచిన పాత వ్యాపారుల వీసాకు సాధారణంగా 2 లక్షల పౌండ్ల పెట్టుబడి చూపాలి. దాన్ని 2019లో ఆపేశారు. ఇప్పుడున్న ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా 2023 ఏప్రిల్‌లో వచ్చింది. దీనికి కనీస పెట్టుబడి అంకె లేదు. ఆలోచన కొత్తదై, నిలబడేదై, పెరిగే అవకాశం ఉన్నదై ఉండాలి. గుర్తింపు పొందిన సంస్థ ఆ మేరకు ఆమోదపత్రం ఇవ్వాలి.

నెదర్లాండ్స్‌లో 2015 నుంచి అమలులో ఉన్న పద్ధతి వేరు. కొత్త వ్యాపారికి గుర్తింపు పొందిన ఒక మార్గదర్శి ఉండాలి. ఒక సంవత్సరం అనుమతి ఇస్తారు. తరవాత మామూలు స్వయం ఉపాధి అనుమతికి మారాలి. ఆ అనుమతికి ఉన్న మార్కుల పద్ధతి మన పరీక్షల్లాగే ఉంటుంది! మనిషి అనుభవానికి 100, వ్యాపార ప్రణాళికకు 100, దేశానికి ఒనగూడే ప్రయోజనానికి 100. ప్రతిదానిలోనూ 30 తెచ్చుకోవాలి. ఒకదానిలో నూరు వచ్చినా మరొకదానిలో ఇరవై వస్తే తప్పినట్టే.

సింగపూరులో ఎంట్రీపాస్ అనేది ఉంది. కంపెనీలో కనీసం 30 శాతం వాటా తనదై ఉండాలి. ఫలానా వ్యాపారాలకు ఇవ్వం అని జాబితాయే ప్రకటించారు. కాఫీ హోటళ్ళు, బార్లు, మసాజ్ దుకాణాలు, ఉద్యోగాల ఏజెన్సీలు అందులో ఉన్నాయి. చివరికి వాస్తు చెప్పే వ్యాపారం కూడా ఉంది!

జపాన్ ఇటీవల ఎదురుదిక్కు నడిచింది. అక్కడ వ్యాపార నిర్వాహకుల అనుమతికి 50 లక్షల యెన్ల మూలధనం సరిపోయేది. 2025 అక్టోబరులో దాన్ని 3 కోట్ల యెన్లకు పెంచారు. జర్మనీ గీత చెరిపితే జపాన్ గీతను ఆరింతలు పైకి జరిపింది. కాబట్టి నిన్నటి నియమాలు నమ్ముకుని రేపటి ప్రయాణం కట్టుకోరాదు.

ఇక మనవాళ్ళందరి నోటా ఉండే అమెరికా. అక్కడ ఇ–2 అనే పెట్టుబడిదారుల వీసా ఉన్నమాట నిజమే. కాని అది అమెరికాతో తగిన ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే. ఆ దేశాల జాబితాలో భారతదేశం లేదు. ఎంత డబ్బున్నా భారత పౌరసత్వం మీద ఇ–2 రాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్నో మోసాలు మొదట్లోనే ఆగిపోతాయి.

మన దేశం వైపు లెక్క

మరచిపోయే విషయం ఒకటుంది. డబ్బు ఇక్కడినుంచి బయటికి పంపడానికి కూడా నియమాలున్నాయి. రిజర్వు బ్యాంకు పథకం ప్రకారం దేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. విదేశీ కంపెనీలో వాటా తీసుకోవడానికి 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నియమాలు పాటించాలి. ఏదయినా బ్యాంకు ద్వారా, కాగితాల మీద జరగాలి. "నగదు మాకిచ్చెయ్యండి, అక్కడ మేం చూసుకుంటాం" అనేవాడి చేతిలో పెట్టిన డబ్బు, పెట్టుబడి కింద చూపించడానికి కూడా పనికిరాదు. ఎందుకంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అక్కడివాళ్ళు తప్పక అడుగుతారు.

చివరిగా

ఈ చట్టాలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ఏ దేశమూ మన కలలకు పర్మిట్ ఇవ్వదు. "నువ్వు వస్తే మాకేమిటి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడికే ఇస్తుంది. ఈ ప్రశ్న కటువుగా ఉన్నా అన్యాయమైనది కాదు. మన ఊరికి కొత్తవాడు వచ్చి కొట్టు పెడతానంటే మన పెద్దలూ ఇదే అడుగుతారు.

ఆ జవాబు పొలం అమ్మగా వచ్చిన డబ్బులో దొరకదు. నేర్చిన విద్యలో, చేతి పనిలో, ఊరి అవసరం కనిపెట్టే చూపులో దొరుకుతుంది. ముందు చదువు, తరవాత ఒకరి దగ్గర రెండేళ్ళ అనుభవం, ఆ తరవాతే సొంత వ్యాపారం. ఈ వరసలో వెళ్ళేవాడికి తలుపులు ఎక్కువ, నష్టం తక్కువ. నియమాలను ఆయా ప్రభుత్వాల అధికార ప్రకటనల్లోనే చూసుకోవాలి. దళారి నోటి మాటలో కాదు.

మన కళాశాలలో ప్రయోగశాలలున్నాయి, గ్రంథాలయం ఉంది, అడిగితే చెప్పే అధ్యాపకులున్నారు. విదేశాల్లో సంస్థలు నడుపుతున్న పూర్వ విద్యార్థులెవరైనా ఈ సంచిక చదివితే, వారిని నేను కోరేది ఒకటే. ఏటా ఒక్కరోజు మాకు మీ వ్యాపార ప్రణాళిక పాఠం చెప్పండి. మీరు పెట్టిన అంకెలు, మీకు ఎదురైన ప్రశ్నలు, మొదటిసారి తిరిగి వచ్చిన దరఖాస్తులు చూపించండి. చందా కంటే అది మాకు విలువైన కానుక. దానివల్ల ఒక్క కుటుంబమైనా తొందరపడి ఎకరం అమ్ముకోకుండా ఆగితే చాలు. ఒక్క విద్యార్థి అయినా సరైన కాగితంతో, సరైన ఆలోచనతో విమానం ఎక్కితే మరీ సంతోషం.